సత్యలక్ష్మి టీచర్ వేసవి సెలవులు

నిడదవోలులో ఏప్రిల్ నెలాఖరుకి బళ్ళు మూసేస్తే పిల్లలు సంబరపడతారు. టీచర్లు వాళ్ళకంటే ఎక్కువ సంబరపడతారు, పైకి చెప్పరంతే. ఒక్క సత్యలక్ష్మి టీచరు మాత్రం ఆ సాయంత్రం కుట్టు క్లాసు గదికి తాళం వేసి, అది సరిగ్గా పడిందో లేదోనని రెండుసార్లు లాగి చూసి, ఇంకా వెళ్ళబుద్ధి కాక వరండాలో కాసేపు తచ్చాడుతుంది. జూన్ రెండో వారం దాకా ఇక ఆవిణ్ణి "మేడమ్" అని పిలిచే గొంతు వినబడదు. బడి బయట ఆవిణ్ణి ఏదో ఒక వరసపెట్టి పిలిచేవాళ్ళు అసలే తక్కువ.

ఆవిడకి యాభై ఆరేళ్ళు. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదంటే అదేం పెద్ద కథ కాదు. రెండు సంబంధాలు వచ్చాయి, రెండూ కుదరలేదు. ఈలోగా తండ్రి పోయారు, తమ్ముడు రమేష్ బాబుకి పెళ్ళయింది, ఆ తర్వాత ఆవిడ సంగతి అడిగినవాళ్ళు లేరు. ఎవరూ అడక్కుండా తన మాట తను చెప్పుకోవడం సత్యలక్ష్మికి చిన్నప్పటినుంచీ చేతకాదు. మండపేటలో వాళ్ళది మూడు తరాల బట్టల కొట్టు. తమ్ముడు దాన్ని ఏసీ షోరూమ్ చేశాడు, రోజూ మధ్యాహ్నం ఫోన్ ముందు నిలబడి చీరలు విప్పి చూపిస్తూ లైవ్ కూడా పెడతాడు. అక్కగారు నిడదవోలులో రైలు గేటు అవతల రెండు గదుల వాటాలో, వెనక కాస్త పెరడుతో, ఇరవై రెండేళ్ళుగా అద్దెకుంటోంది.

ఆ పెరడే వేసవిలో ఆవిడకి బడి. తెల్లవారకముందే లేచి, ఎండ ముదరకముందే కుండీలకీ మడులకీ నీళ్ళు పోసేస్తుంది. బీరపాదు, ఆనపపాదు, రెండు మడుల గోంగూర, గోడవారగా కనకాంబరాలు, మూల బొండుమల్లె. కడియం నర్సరీ నుంచి ముచ్చటపడి తెచ్చిన గులాబీ మాత్రం ఏటా రోహిణికార్తెలో చచ్చిపోతుంది, ఏటా ఆవిడ ఇంకోటి తెస్తుంది. మొక్కలతో మాట్లాడితే ఏపుగా పెరుగుతాయని ఎవరో స్కూలు గ్రూపులో వీడియో పెట్టారు. సత్యలక్ష్మి అంతకు చాలా ముందునుంచే మాట్లాడుతోంది, అవి పెరగడం కోసం కాదు.

"నీకేం రోగమే, నిన్నటిదాకా బాగానే ఉన్నావుగా," అని బచ్చలితీగని కేకలేస్తే పక్కవాటావాళ్ళకి వినబడేది. వాళ్ళు మొదట్లో తొంగిచూసేవారు, తర్వాత అలవాటు పడ్డారు.

ఆనపకాయలు విరగకాసేవి. ఒక్క మనిషి ఎన్ని తింటుంది? ముక్కల పులుసు, పాలు పోసిన కూర, పచ్చడి, మళ్ళీ ముక్కల పులుసు. మిగిలినవి వీధిలో పంచేది. "అయ్యో, మీకెందుకండీ శ్రమ," అంటూనే అందరూ పుచ్చుకునేవారు. ఇచ్చేశాక సత్యలక్ష్మి ఆ గుమ్మంలో అరనిమిషం ఎక్కువ నిలబడేది, లోపలికి రమ్మంటారేమోనని. ఎండాకాలం, లోపల ఏసీ వేసుకుని ఉంటారు, తలుపు తెరిచి ఉంచితే చల్లదనం పోతుంది. అందుకని అనేవారు కాదు. అందుకనే అని ఆవిడ అనుకునేది.

ఇక రెండో సరదా సంగతి. అది మండపేట వాళ్ళకి తెలియకుండా చాలా ఏళ్ళు దాచింది.

మన వైపు ఇళ్ళల్లో పాతబట్టలు పడేయరు కదా. స్టీలు సామాన్లమ్మే ఆడవాళ్ళు గంప నెత్తిన పెట్టుకుని వీధుల్లోకి వస్తే, బీరువా అడుగునుంచి నాలుగు చీరలూ రెండు ప్యాంట్లూ తీసి బేరమాడి ఒక బేసినో టిఫిన్ డబ్బానో పుచ్చుకుంటారు. ఆ చీరలు ఎక్కడికెళతాయో ఎవరికీ పట్టదు. సత్యలక్ష్మికి పట్టింది. రాజమండ్రి స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక సందు ఉంది. గురువారం పొద్దున్నే ఆ గంపలవాళ్ళంతా అక్కడ మూటలు విప్పుతారు. జరీ ఉన్న పట్టుచీరల్ని కాల్చి వెండి తీసుకునేవాళ్ళు ముందే వచ్చి కూర్చుంటారు. మెత్తని నూలువి లారీ షెడ్డులకి తుడుపుగుడ్డలుగా పోతాయి. ఈ రెండు చావులకీ మధ్య ఏ అరగంటో ఉంటుంది. ఆ అరగంటలో మంచి చీరని వెతికి పట్టుకోవడమే వేట. దానికోసం సత్యలక్ష్మి మొదటి ప్యాసింజరులో నిడదవోలు నుంచి బయల్దేరేది. బ్రిడ్జి మీద అందరూ గోదారిలోకి చూస్తుంటే ఆవిడ మాత్రం చేతిగడియారం చూసుకునేది.

మూటల్లో చెయ్యి పెట్టి కళ్ళు మూసుకునే నేత చెప్పగలదు. ఇది వెంకటగిరి, ఇది బండారులంక, ఇది నైలెక్స్, పక్కన పడెయ్. నరసాపురం లేసు అంచు కుట్టిన ఒక తెల్ల జాకెట్టు అలాగే దొరికింది. యాభై ఏళ్ళ నాటిదై ఉంటుంది, లేసు మాత్రం ఒక్క పోగు తెగలేదు. డెబ్బైల నాటి వాయిల్ చీరలు, చిట్టి మెలికల పువ్వులవి, ఎనిమిది దొరికాయి. ఇంటికి తెచ్చి ఉప్పునీళ్ళలో నానబెట్టి, కుంకుడురసంతో మూడుసార్లు ఉతికి, ఎండలో ఆరేసి, చిరుగులు చూసుకుంటూ కూర్చునేది. అసలు ఆనందం అక్కడుంది. ఎవరో ఎప్పుడో చిరుగు మీద తీరుబడిగా వేసిన రఫ్ఫు కుట్టు కనబడేది. నూలు కలవక వేరే రంగుతో సర్దేసిన కుట్టు కనబడేది. "పాపం, ఆ రంగు దొరికుండదు," అని పైకే అనేది. ఆ కుట్లు చూస్తున్నంతసేపూ తను ఒక్కతే ఉన్నట్టు అనిపించేది కాదు. బాగుచేసినవి బడికి కట్టుకెళ్ళేది. బాగుకానివి కర్రలకి కట్టి మొక్కలకి నీడ చేసేది.

నామోషీ కాదా అంటే, నామోషీయే. అక్క చీర చెల్లెలు కట్టుకోవచ్చు, తోడికోడలిది అడిగి కట్టుకోవచ్చు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు విడిచిన బట్ట కట్టుకుంటే దరిద్రం అంటారు. అందులోనూ బట్టల కొట్టు వాళ్ళ ఆడపడుచు! అందుకే ఆవిడ రెండు నియమాలు పెట్టుకుంది. చీర ఎవరిదని ఎప్పుడూ అడగదు. అది కట్టుకుని మండపేట వెళ్ళదు.

ఈ వేసవిలో మే రెండోవారం, గంపలవాళ్ళలో మరిడమ్మ అనే ఆవిడ దూరాన్నుంచే చెయ్యూపింది.

"టీచరుగారండీ, ఇలా రండి. మీకోసం తొక్కి కూచున్నానండి," అని నిజంగానే తన కిందనుంచి ఒక చీర లాగింది.

ఉప్పాడ నేత. వంగపండు రంగు, ఆవపువ్వు రంగు అంచు, ఒళ్ళంతా చేత్తో నేసిన చిన్న చిన్న మామిడిపిందెలు. పమిటచెంగు దగ్గర బొటనవేలంత చిరుగు, దానిమీద ఎవరో ఎంత ఓపిగ్గా రఫ్ఫు చేశారంటే సత్యలక్ష్మి అంతటిది కూడా తిరగేసి చూస్తేగాని పట్టుకోలేకపోయింది. ఇరవైయేళ్ళుగా పిల్లలకి నేర్పుతోంది, తనకే అలా రాదు. ఇంటికొచ్చాక ఆ కుట్టుని వేలితో నిమురుతూ చాలాసేపు కూర్చుంది. ఆ వేసవిలో ఆవిడ అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకోటి లేదు.

ఆ సంతోషంలోనే తప్పు చేసింది.

మండపేటలో తమ్ముడి కొట్టుకి ఎదురుగా బియ్యం వ్యాపారం చేసే మల్లేశ్వరరావుగారని ఉన్నారు. ఆయన మనవరాలు హరిచందన పెళ్ళి వచ్చింది. రెండిళ్ళకీ తాతలనాటి రాకపోకలు, వెళ్ళకపోతే బాగుండదు. తమ్ముడు ఏటా పెట్టే కొత్తచీరలు బీరువాలో మడత విప్పకుండా ఉన్నాయి. సత్యలక్ష్మి వాటిని చూసింది, మంచం మీదున్న వంగపండు రంగు చీరని చూసింది. కట్టుకోవాలని మనసు పీకుతోంది. ఇంత మంచి చీర పెళ్ళికి కట్టుకోక ఎక్కడికి కట్టుకుంటారు? అయినా నన్నెవరు చూస్తారులే అనుకుంది. ముప్ఫై ఏళ్ళుగా ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళిందో, ఏ చీర కట్టుకుందని ఒక్కరూ అడిగింది లేదు. ఆ ధైర్యంతో కట్టుకుని బయల్దేరింది.

ఫంక్షన్ హాలు కిటకిటలాడుతోంది. అందరూ పలకరించారు, "బాగున్నారాండీ" అన్నారు, ఇటు తిరిగేలోపు ఇంకెవరితోనో మాట్లాడుతున్నారు. మరదలు వచ్చినవాళ్ళకి మర్యాదలు చేస్తూ హడావిడిగా ఉంది. తలంబ్రాల వేళకి అంతా మండపం దగ్గరికి తోసుకెళ్ళారు. సత్యలక్ష్మి కూలర్ పక్కన గోడవారగా నిలబడి మండపం వైపు చూస్తోంది.

అప్పుడు వెనకనుంచి ఎవరో గట్టిగా పిలిచారు.

"ఇదిగో, నిన్నే! ఒక్కదానివే అక్కడ నిలబడ్డావేంటి? ఇలా రా, వచ్చి నా పక్కన కూర్చో."

ఆ పిలుపులో ఎంత చనువుందంటే, అది తనని కాదని ఆవిడకి తెలుసు, అయినా వెనక్కి తిరిగింది. ఒక్క క్షణం ఆవిడ మొహంలో నవ్వు కూడా వచ్చింది. మల్లేశ్వరరావుగారు కుర్చీలోంచి సగం లేచి, పక్క కుర్చీ మీద చెయ్యేసి ఉన్నారు. సత్యలక్ష్మి మొహం చూడగానే ఆ చెయ్యి కుర్చీ మీదనుంచి జారిపోయింది.

"అయ్యో... మీరా అమ్మా. పొరపాటైపోయింది," అన్నారు. కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు.

ఆయన భార్య కనకరత్నం గారు పోయి ఏడాదిన్నర. ఆ కేక విని పదిమంది తిరిగి చూశారు. ఆయన కోడలు, పెళ్ళికూతురి తల్లి, గబగబా మండపం దిగి వచ్చింది. మామగారిని చూసింది, సత్యలక్ష్మిని చూసింది, చీర చూసి కళ్ళు పెద్దవి చేసింది. పమిటచెంగు అందుకుని తిరగేసింది.

"ఇది మా అత్తయ్యగారి చీరండి," అంది. "ఈ రఫ్ఫు ఆవిడే కుట్టుకున్నారు. పదకొండోరోజు ఆవిడ బట్టలన్నీ బట్టలుతికే ఆవిడకి నా చేతుల్తో ఇచ్చేశాను. మీకెలా వచ్చిందండీ?"

పోయినవాళ్ళ బట్టలు పెద్దకర్మనాడు గడప దాటించేస్తే మళ్ళీ ఆ ఇంటి గడపలోకి రాకూడదు. పెళ్ళిలోకి అసలే రాకూడదు. ఆ మాట ఎవరూ గట్టిగా అనలేదు, అనక్కర్లేకపోయింది. కొన్నానండి అని మాత్రం చెప్పింది సత్యలక్ష్మి, ఎక్కడ కొన్నదీ చెప్పలేకపోయింది. భోజనం చెయ్యకుండా వెళితే ఇంకా తప్పు, అందుకని కూర్చుని నాలుగు మెతుకులు కతికి లేచింది. బయట తమ్ముడు బండి స్టాండు దగ్గర కాచుకుని ఉన్నాడు.

"ఏంటక్కా ఇది? కొట్టునిండా చీరలున్నాయి. నోరు తెరిచి ఒక్క మాటంటే బీరువాకి సరిపడా పంపిస్తాను కదా," అన్నాడు. కోపం కంటే ఏడుపే ఎక్కువుంది ఆ గొంతులో. "రేపు కొట్లో వాళ్ళకి నా మొహం ఎలా చూపించను?"

ఆవిడ బస్సెక్కి వచ్చేసింది.

ఆ తర్వాత వారం రోజులు పెరట్లోకి మనసుపెట్టి వెళ్ళలేదు. నీళ్ళు పోసేది, మాట్లాడేది కాదు. బీరకాయలు ముదిరి పీచెక్కాయి. చీర ఉతికి మడతపెట్టి కుర్చీ మీద ఉంచింది. ఎటు తిరిగినా అదే కనబడేది. తిరిగిచ్చేయాలా, ఉంచుకోవాలా? ఉంచుకోవాలనే ఉంది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ చీర మీద కంటే ఆ పిలుపు మీద ఆవిడకి ఎక్కువ ఆశ పుట్టింది. ఆ చీర కట్టుకున్నందుకే కదా, జన్మలో ఒక్కసారి ఒక మనిషి అంత ఆపేక్షగా పిలిచి పక్కన కూర్చోమన్నాడు. అది తనకి దక్కాల్సింది కాదని తెలుసు. తెలిసినా ఇచ్చేయడానికి ప్రాణం ఒప్పలేదు. ఆ తర్వాత ఆ పెద్దాయన చెయ్యి కుర్చీ మీదనుంచి జారిపోవడం గుర్తొచ్చేది. చీర చూసి భార్య వచ్చిందనుకున్న మనిషి ఆయన. ఆ చీర ఆయన దగ్గర ఉండాలి గాని తన దగ్గర ఎందుకు?

గురువారం రాజమండ్రి వెళ్ళి, నియమం తప్పి మరిడమ్మనే అడిగేసింది.

"పోయినవాళ్ళ చీరలు నాకెందుకిచ్చావు మరిడమ్మా?"

మరిడమ్మ తెల్లబోయింది. "ఆయ్, మరింకెవరియ్యండి? బతికున్నోళ్ళు మంచి చీర ఎవరైనా ఇస్తారాండి? ఈ మూటలో సగం అయ్యేనండి. మీకు తెలుసనుకున్నాను," అంది. మూట సర్దుకుంటూ, "తిరిగిచ్చేద్దామనుకుంటున్నారేమో, ఆ ఇంట్లో పెట్టుకోరండి. మళ్ళీ నా గంపలోకే వస్తాది," అని కూడా అంది.

అయినా మర్నాడు సత్యలక్ష్మి చీర సంచీలో పెట్టుకుని బయల్దేరింది. రెండు బస్సులు మారి, మిట్టమధ్యాహ్నం మండపేటలో దిగి, తమ్ముడి కొట్టు కంటపడకుండా వెనకసందులోంచి మల్లేశ్వరరావుగారింటికి వెళ్ళింది. పెళ్ళివారు ఎక్కడివాళ్ళక్కడికి వెళ్ళిపోయారు. పందిరి రాటలు ఇంకా తీయలేదు. పెద్దాయన వరండాలో ఒక్కరే కూర్చుని ఉన్నారు.

"రండమ్మా, రండి. ఇంత ఎండలో వచ్చారేంటి," అని లేచారు.

ఆవిడ కూర్చోలేదు. సంచీలోంచి చీర తీసి రెండు చేతులతో ఆయనకి అందించింది. వారం రోజులుగా అనుకుంటున్న మాటలు ఒక్కసారిగా అనేసింది. "మీ ఇంట్లోవాళ్ళ చీరండి. నాకు తెలియక కట్టుకున్నాను. మీరు గుర్తుపట్టి పిలిచారు. నాకు ఆ రోజునుంచీ నిద్ర లేదండి. ఇది మీ దగ్గరే ఉండాలి, కోడలుగారికి కనబడకుండా దాచుకోండి."

ఆయన చీర ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. కొత్తగా చూస్తున్నట్టే చూశారు.

"ఇదా ఆ రోజు కట్టుకుంది? నాకు చీరలేం తెలుస్తాయమ్మా. యాభై ఏళ్ళు కాపరం చేసి, ఆవిడ ఫలానా రోజు ఫలానా చీర కట్టుకుందని ఒక్కటి చెప్పలేను నేను."

సత్యలక్ష్మికి అర్థం కాలేదు. "మరి నన్ను చూసి..."

"చీర చూసి కాదమ్మా. మీరు నిలబడ్డ తీరు." ఆయన చీర మడత సర్దుతూ, ఆవిడ వైపు చూడకుండా చెప్పారు. "ఏ పెళ్ళికెళ్ళినా మా ఆవిడ అలాగే గోడవారగా ఒక్కర్తీ నిలబడేది. నలుగురిలోకి వచ్చేది కాదు. నేను బేరాలవాళ్ళతో కబుర్లలో పడి, చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి. పోయాక తెలిసింది. ఒక్కసారి, ఇలా రా, వచ్చి కూర్చో అని పిలిచి ఉంటే ఏం పోయేది? ఆ రోజు మిమ్మల్ని వెనకనుంచి చూసి, ఈసారైనా పిలుద్దామని పిలిచేశాను."

సత్యలక్ష్మి నిలబడే ఉంది. తను పెళ్ళిళ్ళలో అలా నిలబడుతుందని ఇన్నేళ్ళలో ఆవిడకే తెలియదు. అందరూ తనని పక్కన పెట్టారనే అనుకుంది. కనకరత్నం గారిని తను ఎన్ని పెళ్ళిళ్ళలో చూసి ఉంటుందో, ఇప్పుడు ఎంత ప్రయత్నించినా ఆవిడ మొహం గుర్తు రాలేదు. ఇద్దరూ ఒకే హాల్లో చెరో గోడవారా నిలబడి ఉంటారు. తనూ ఒక్కసారి వెళ్ళి పలకరించలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"చీర మీరే ఉంచుకోండి," అని ఆయన తిరిగి చేతిలో పెట్టారు. "మీకు ఆ కుట్టు విలువ తెలుసు. ఇక్కడెవరికీ తెలీదు." మజ్జిగ ఇప్పించారు. ఆవిడ అప్పుడు కూర్చుని తాగింది.

రావులపాలెం బస్సు ఎండకి కాలిపోతూ ఖాళీగా ఉంది. ఎవరిష్టం వచ్చిన చోట వాళ్ళు ఒక్కో సీటుకి ఒక్కొక్కరు కూర్చున్నారు. సత్యలక్ష్మి ఒక ఖాళీ సీటు దాటింది, రెండోది దాటింది. మూడోదాంట్లో కిటికీ పక్కన ఎవరో ఒకావిడ, ఈవిడ వయసుదే, కూరగాయల సంచీ పక్కన పెట్టుకుని బయటికి చూస్తోంది.

"కొంచెం జరుగుతారాండీ," అంది సత్యలక్ష్మి.

ఆవిడ వెనక్కి తిరిగి ఖాళీ సీట్లన్నీ ఒకసారి చూసింది, ఈవిడ మొహం చూసింది. ఏమనుకుందో, సంచీ ఒళ్ళోకి తీసుకుని జరిగింది.